నీళ్లు దిగే కంబాలు

కొత్తగా ఇంజనీర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. భవనాల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశారు కదా మేడమ్, మీరు కట్టినవాటిలో మీకు బాగా ఇష్టమైనది ఏదని అడుగుతారు. నేను కట్టినవి చాలానే ఉన్నాయి. దవాఖానలు, హాస్టళ్లు, ధర్మసాగర్ దారిలో ఒక బడి, నర్సంపేటలో ఒక గోదాము. అవి ఎవరు కట్టినా అట్లాగే ఉండేవి. నాకు చెప్పాలని ఉండేది నేను కూలగొట్టించిన దాని గురించి. అది వినే ఓపిక వాళ్లకు ఉండదు. టీ తాగి, ఒకసారి ఫోన్లు చూసుకుని, "వస్తం మేడమ్" అని లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ లేచి వెళ్లరు, వెళ్లినా నాకు కనబడదు.

వరంగల్‌లో మిల్లు అనగానే అందరికీ గుర్తుకొచ్చే పెద్ద మిల్లు వేరు. నేను చెప్పేది దాని గురించి కాదు. ఊరికి మరో చివర, రైలు పట్టాలకు దగ్గరగా, ఒక షావుకారు కుటుంబం పెట్టిన చిన్న మిల్లు ఉండేది. రెండే షెడ్లు. మొదటిదాంట్లో నూలు వడికేవారు, రెండోదాంట్లో బట్ట నేసేవారు. కప్పు రంపపు పళ్లలా వరుసగా లేచి ఉండేది. ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు. ఆ కప్పును మోసేవి పోత ఇనుప కంబాలు, ఒక్కో షెడ్డుకు అరవై నాలుగు. మిల్లు మూతపడిన చాలా ఏళ్లకు అది ప్రభుత్వం చేతికి వచ్చింది. కొన్నాళ్లు ఎరువుల బస్తాలు పెట్టుకున్నారు. తర్వాత అదీ మానేసి, తాళం వేసి గాలికి వదిలేశారు.

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా ఆ తాళం తీయాల్సి వచ్చింది. ఆ జాగాలో కొత్త ఆఫీసులు కట్టాలని ఒక ఆలోచన నడుస్తోంది. అదే సమయంలో జంపఖానాలు నేసే కుటుంబాలు కొన్ని ఒక అర్జీ పెట్టుకున్నాయి. వాళ్లవి పల్లపు ఇళ్లు. వానాకాలం వస్తే మగ్గం గుంతల్లోకి నీళ్లు వచ్చి పడుగులు తడిసిపోతాయి. పాత మిల్లు షెడ్లు మాకిస్తే బాగు చేసుకుని మగ్గాలు పెట్టుకుంటాం అన్నారు. ఆ షెడ్లు నిలిచేవా, పడేవా అని తేల్చే పని నాకు వచ్చింది.

నాకు ముక్కు మీద కోపం. అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉండేది. ఏ భవనమైనా గడప దాటగానే దాని సంగతి నాకు తెలిసిపోతుందని నమ్మేదాన్ని. చాలాసార్లు నిజంగానే తెలిసేది. అదే నన్ను చెడగొట్టింది.

ఆ వారం నా చేతిలో ఆరు తనిఖీలున్నాయి. మొదటి షెడ్డు తలుపు నెట్టగానే ముక్కిన వాసన గుప్పుమంది. గోడలు పైనుంచి కిందిదాకా చెమ్మ, దాని మీద పాకుడు. కంబాల మొదళ్ల దగ్గర తుప్పు కారిన చారలు. నా వెంట మా వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా నాతో పనిచేసినవాడు, నా కోపాన్ని నవ్వుతూ దాటేయడం నేర్చినవాడు. అతని చేతిలో సుత్తి తీసుకుని ఒక కంబాన్ని కొట్టాను. పోత ఇనుము బాగుంటే ఖంగుమని పలుకుతుంది. పగిలినా, లోపల తుప్పు తిన్నా మొద్దుగా పలుకుతుంది. పది కంబాలు కొట్టాను. పదీ మొద్దుగానే పలికాయి.

అర్జీ పెట్టినవాళ్ల తరఫున నలుగురైదుగురు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం మా వెనకే లోపలికి వచ్చాడు. తెల్ల గడ్డం, తెల్ల పైజామా, చంకలో గొడుగు. ఆ మిల్లులో ఫిట్టరుగా చేసినాయన. అందరూ చాచా అనేవారు.

"మేడమ్, జర ఆగుండ్రి," అన్నాడు. "గీ కంబాలు లోపట బోలుగ ఉంటయి. కప్పు మీది వాన నీళ్లన్ని గివిట్లకెల్లే కిందికి దిగుతయి. మిరుగు వానలు రాకముందే మేం ఏటేటా కడిగేటోళ్లం. మిల్లు బందయినంక ఎవ్వలు కడుగలే. దూది, మన్ను వడి నిండినయి. గందుకే గట్ల పలుకుతానయి."

నేను నోట్‌బుక్‌లోంచి తల ఎత్తలేదు. "చాచా, ముప్పై రెండేండ్ల సంది నేను గిదే పని జేస్తాన. ఇనుము సంగతి నాకు జెప్తవా?" అన్నాను.

"చెప్తలేను మేడమ్. యాది జేస్తాన, గంతే," అన్నాడు. మరో మాట అనకుండా గొడుగు సర్దుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

ఒక్క కంబానికి రంధ్రం వేసి చూస్తే తేలిపోయేది. డ్రిల్లింగు మిషను మా ఆఫీసులోనే ఉంది. తెప్పించడానికి, కాగితాలు రాయడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులు నాకు బరువనిపించాయి. రెండో షెడ్డులో నాలుగు కంబాలు కొట్టి చూసి, అక్కడా అదే మొద్దు మోత విని, సాయంత్రానికి రిపోర్టు పూర్తి చేశాను. రెండు షెడ్లకూ కలిపి చివరి గడిలో ఒకే మాట రాశాను: శిథిలం, కూల్చదగినది. నా దస్తూరి బాగుంటుందని ఆఫీసులో పేరు. ఆ రోజు కూడా బాగానే వచ్చింది.

నాలుగు నెలలకు కాంట్రాక్టరు మిషన్లు దింపాడు. ముందు మొదటి షెడ్డు, తర్వాత రెండోది అని మాట. కూల్చే చోటికి నేను వెళ్లాల్సిన అవసరం లేదు, వెళ్లలేదు. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే వర్క్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కంతో మొదలుపెట్టే మనిషి ఆ రోజు నేరుగా అన్నాడు: "మేడమ్, మీరొకసారి రావాలె. ఫోన్ల జెప్పేది గాదు."

వెళ్లేసరికి కప్పు లేదు. గోడలు మోకాలెత్తు మిగిలాయి. నేల మీద కంబాలు వరుసగా పడి ఉన్నాయి. వాటిలో ఒకటి మధ్యకు విరిగింది. వర్క్ ఇన్‌స్పెక్టర్ దాని దగ్గర గొంతు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కంబం లోపల బూడిద రంగు ముద్ద బిగిసి ఉంది. దూది, మన్ను, పావురాల ఈకలు. దాని చుట్టూ ఇనుము నా బొటనవేలంత మందం. విరిగిన చోట ఎక్కడా తుప్పు లేదు, కొత్త గడ్డపార మొనలా మెరుస్తోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి ఇంకో కంబం దగ్గరికి వెళ్లాను, ఇంకో దాని దగ్గరికి. చూడగలిగినన్ని చూశాను. ఒక్కటంటే ఒక్కటి కూడా చెడిపోలేదు. ఇంకో వందేళ్లు నిలబడే షెడ్డును నేను చచ్చిందని రాసి చంపించాను.

"ఆపమంటరా మేడమ్?" అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టర్. ఆపడానికి అక్కడ ఏం మిగిలిందని.

గేటు దగ్గర టీ కొట్టు బల్ల మీద చాచా కూర్చుని ఉన్నాడు. ఐదు రోజుల నుంచీ పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చుంటున్నాడని కొట్టతను చెప్పాడు. ఆయన ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు. అయినా వెళ్లాను.

"చాచా, నువ్వు జెప్పినవు. నేను ఇనలే."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. "రెండోది ఉన్నది గద మేడమ్," అన్నాడు. "ఇగ దాని సంగతి జూడుండ్రి."

ఆ సాయంత్రం పాత ఫైళ్లు దింపించాను. ఎరువుల గోదాము చేసినప్పుడు రెండు షెడ్లలోనూ నేల జానెడు ఎత్తు పెంచి సిమెంటు పోశారని ఒక కాగితంలో ఉంది. అంటే కంబాల మొదళ్లలో నీళ్లు బయటికి వెళ్లే కంతలన్నీ ఆ సిమెంటు కింద పూడిపోయాయి. దారి లేని నీళ్లు పైనే నిలిచి గోడల వెంట కారాయి. ఆ చెమ్మను చూసే నేను శిథిలం అని రాశాను. ఆ సిమెంటు పోసింది మా శాఖే. కింద సంతకం ఎవరిదోనని వెతికాను. నాది కాదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు మా పెద్దసారు దగ్గరికి వెళ్లాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు, మంచివాడు. అంతా విని తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మేడమ్, మీకు సర్వీసు ఇంకెన్ని నెలలుంది?"

"ఏడు సార్."

"ఏడు నెలలు సప్పుడు జెయ్యకుంట కూసుంటే ఇజ్జత్‌తోని ఇంటికి పోతరు. ఇప్పుడు మీ రిపోర్టు తప్పని మీరే రాస్తే, కూలిపోయిన షెడ్డు ఎవల మెడకు సుట్టుకుంటది?"

"నా మెడకే సార్. నేను రాసిందే గద."

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "గురువారం పదకొండు గంటలకు కలెక్టరాఫీసు నుంచి అధికారి వస్తాండు. రెండో షెడ్డు కాంట్రాక్టరుకు అప్పజెప్తరు. గాయిన ముందట కంబాలల్ల నీళ్లు దిగుతయని జూపెట్టుండ్రి, నేను మాట్లాడుత. దిగకపోతే మాత్రం మీరు మొదట రాసిందే ఖాయం. ఇగ మళ్ల నాతోని ఏం అడుగద్దు."

అది శనివారం. ఆదివారం చర్చి నుంచి నేరుగా మిల్లుకు వెళ్లాను, కట్టుకున్న తెల్ల చీరతోనే. చాచా అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన వెంట పాత మిల్లు పనివాళ్లు తొమ్మిదిమంది. అందరూ డెబ్బై అటూ ఇటూ. ఒకాయనకు కంటి ఆపరేషను అయి నల్ల అద్దాలున్నాయి. జంపఖానాలు నేసే ఇళ్ల నుంచి ఆడవాళ్లు, మగవాళ్లు పారలు, గడ్డపారలు పట్టుకుని వచ్చారు. అరవై నాలుగూ మాకు అందే పని కాదు. గేటు వైపు వరుసలో ఎనిమిది కంబాలు ఎంచుకున్నాం.

ముందు సిమెంటు పగలగొట్టాం. జానెడు లోతున చేయి పట్టేంత కంత, దానికి ఇనుప మూత, చాచా చెప్పినట్టే, చెప్పిన వైపే. కింద నుంచి బయటి మోరీకి వెళ్లే కాలువ మన్నుతో పూడిపోయింది. దాన్ని తవ్వారు. కప్పు మీదికి ఎవరు ఎక్కాలన్నప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచాడు. "మేడమ్, నేను వడితె మా ఇంటిదానికి మీరే జెప్పాలె. నాకైతె ధైర్యం లేదు," అని నిచ్చెన ఎక్కాడు. పైనుంచి పొడుగాటి ఇనుప చువ్వతో పొడిచి, నీళ్లు పోసి, ముద్దను నానబెట్టి దారి చేశాడు.

ఆ తర్వాతే అసలు పని. చాచా ఒక పాత నూలు చీర అడిగి తెప్పించాడు. దాన్ని ఉండలా బిగించి పొడుగాటి తాడు నడుమ కట్టాడు. తాడు ఒక కొస పైన ఉన్నవాడి చేతిలో, ఇంకో కొస కింద కంత దగ్గర ఉన్నవాడి చేతిలో. పైవాడు ఒకసారి లాగాలి, కిందివాడు ఒకసారి లాగాలి. ఉండ లోపల పైకీ కిందికీ తిరుగుతూ కంబాన్ని తోముతుంది. మిల్లు నడిచిన రోజుల్లో రోహిణి కార్తెలో ఒక సెలవు రోజు చూసుకుని అందరూ కలిసి ఇట్లా కడిగేవారట. మిల్లు తరఫున ఆ రోజు బగారన్నం పెట్టేవారట. "గా దినం ఎవ్వలు పనికి నాగ పెట్టకపోయేది మేడమ్," అన్నాడు నల్ల అద్దాలాయన. నా పుస్తకాల్లో ఎక్కడా ఈ ఉండ లేదు. నా ముప్పై రెండేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పిన ఒక్కాయన మాట నేను చెవిన పెట్టలేదు.

సోమవారం, మంగళవారం, బుధవారం. ఏడు కంబాలు తేటపడ్డాయి. ఎనిమిదోది మొండికేసింది. బుధవారం పొద్దుగూకే వేళకు దాంట్లోంచి ఒక పావురం గూడు గూడులాగే బయటికి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

గురువారం వాన వస్తే మాకు ఏ బాధా ఉండేది కాదు. నడి వానాకాలం, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నీళ్ల ట్యాంకరు తెప్పించి కప్పు మీద, పళ్ల నడుమ వాన నీళ్లు చేరే తొట్టికి పైపు వేశాం. అధికారి సరిగ్గా పదకొండుకు వచ్చాడు. పక్కన పెద్దసారు. గేటు బయట కాంట్రాక్టరు మిషను ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంచాడు. జంపఖానాల వాళ్లు గోడ వెంట నిలబడ్డారు. వాళ్ల పిల్లలకు ఆ రోజు బడి లేదో, ఎగ్గొట్టారో, అందరూ అక్కడే.

పైన నీళ్లు వదిలారు. తొట్టి నిండే చప్పుడు వినిపించింది. మోరీ దగ్గర మాత్రం ఒక్క చుక్క లేదు. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. పెద్దసారు నా వైపు చూడటం మానేశాడు. అప్పుడు చాచా మెల్లగా ఒక కంబం దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"దిగుతాంది," అన్నాడు.

కాసేపటికి మోరీలోకి నల్లటి నీళ్లు వచ్చాయి. వాటిలో దూది పింజలు, ఎప్పటివో. ఆ తర్వాత ధార పెరిగి నీళ్లు తేటబడ్డాయి. గోడ వెంట ఉన్నవాళ్లంతా ఒక్కసారి మోరీ మీదికి వంగారు. నేను సుత్తి తీసుకుని వరుసలో మొదటి కంబాన్ని కొట్టాను. ఖంగుమంది. రెండోదీ, మూడోదీ. ఎనిమిదింటినీ కొట్టాను. ఎనిమిదీ పలికాయి. వరుస మార్చి కడగని కంబాన్ని కొట్టాను. అదే పాత మొద్దు మోత. ఇక వివరించే పని లేకపోయింది.

అధికారి తెలివైనవాడు. మొహంలో మెచ్చుకోలు కనబడుతుండగానే అడిగాడు: "అంటే మేడమ్, పక్క షెడ్డు?"

నేను ముందే అనుకుని పెట్టుకున్న జవాబులు రెండు మూడు ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"దాని కంబాలు గూడ గిట్లనే ఉండె సార్. నేను తప్పు రాసిన."

రెండో షెడ్డు కూల్చివేత ఆపమని అక్కడే, కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. నాకు పది రోజులకు మెమో వచ్చింది. సంజాయిషీ రెండు వాక్యాల్లో ఇచ్చాను. నా వీడ్కోలు సభలో అందరూ నా దస్తూరి గురించి, సమయపాలన గురించి మాట్లాడారు. మిల్లు మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దసారు శాలువా కప్పుతూ చెవి దగ్గర మాత్రం, "మంచిపని జేసిండ్రు మేడమ్," అన్నాడు.

షెడ్డు బాగు చేయడానికి రెండు వానాకాలాలు పట్టింది. ప్రారంభం రోజు నేనూ వెళ్లాను, పిలిచినవాళ్లలో ఒకదాన్నిగా. లోపల అడుగు పెట్టి నిలబడిపోయాను. వరుసగా మగ్గాలు, దండేల మీద ఎర్రవి, నీలివి జంపఖానాలు. ఒకామె మగ్గం ఆపి నన్ను గుర్తుపట్టింది. "మేడమ్, మొన్నటి వానకు మా ఇంట్ల మోకాళ్ల దాంక నీళ్లు వచ్చినయి. పడుగు మాత్రం ఈడ పొడిగ ఉన్నది," అంది. ఆ మాటకు సంతోషించాలి, సంతోషించాను కూడా. అయినా నా కళ్లు పక్కకే పోయాయి. పక్క షెడ్డు పొడవు, వెడల్పు, కంబాల మధ్య దూరం, కప్పు ఎత్తు అన్నీ నాకు నోటికి వచ్చు. కొలతలన్నీ నా దగ్గరున్నాయి. షెడ్డు లేదు. మీలో ఎవరికైనా నా మీద జాలి కలిగితే దాన్ని అట్టే పెట్టుకుని, ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు ఆ రెండు రోజులు ఎక్కువ తీసుకోండి.

ఫొటోల వేళకు చాచా కనబడలేదు. అందరూ వెతుకుతుంటే నేను బయటికి వచ్చాను. మొదటి షెడ్డు ఉన్న చోట తారు పోసి బండ్లు పెట్టుకునే జాగా చేశారు. ఆయన అక్కడ, ఒక తెల్ల కారుకూ ఒక స్కూటరుకూ మధ్య నిలబడి ఉన్నాడు.

"చాచా, ఈడేం జేస్తానవు? లోపట నీ కోసం జూస్తాండ్రు. దా, నువ్వు పని జేసిన జాగ నాకు జూపెట్టు."

"నా జాగ లోపట లేదు బిడ్డా," అన్నాడు. ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. "నేను నూలు షెడ్డుల ఫిట్టరును. ఇరవయ్యారేండ్లు. నా సామాన్ల పెట్టె గిక్కడుండె. గటు దిక్కు మా తమ్ముడు నిలవడేటోడు."

ఆ నాలుగు రోజులు తాడు పట్టుకుని, గొంతు పోయేలా అరుస్తూ ఆయన కడిగించింది తన షెడ్డునని నేను అనుకున్నాను. అడగాలని కూడా నాకు తోచలేదు.

"మరి గా దినం గేటు కాడ నాకెందుకు జెప్పలే చాచా?"

"చెప్తే లేస్తదా బిడ్డా?"

"రెండోదాని కోసం గంతగనం తిరుగుతివి?"

"మిగిలింది గదొక్కటే గద," అన్నాడు.

తెల్ల కారు డ్రైవరు తాళాలు ఊపుకుంటూ వచ్చాడు. "పెద్దమనిషీ, అమ్మా, జర పక్కకు జరుగుండ్రి. బండి తియ్యాలె."

జరిగాం. కారు వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, గేటు దాటింది. చాచా వెళ్లి మళ్లీ అదే తావులో నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన పక్కన, వాళ్ల తమ్ముడి తావులో నిలబడ్డాను. ఇంకో బండి వచ్చి హారను కొట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.